కాలవ కట్టేసిన నెల

తెల్లారగట్ల నాలుగూ పదికి
అలారం కంటే ముందే లేస్తాడు నాలోని గుమాస్తా.
కళ్ళజోడు సర్దుకుని ఖాతా తెరుస్తాడు:
నిన్న ఓణీల ఫంక్షన్‌లో పూతరేకు ఒకటి,
రెండోది సగం
(సగమైనా రెండే అని రాసుకో),
పనసపొట్టు కూర, దాని మీద నెయ్యి,
వద్దనలేని మొహమాటం ఒకటి.
వెరసి, లాకుల నుంచి రైలు గేటు దాకా
మూడుసార్లు పోయి రావాలి.

పగలు నేనూ సొసైటీలో క్యాషియర్నే.
అక్కడ బాకీ తీర్చినవాడికి రసీదు చింపి ఇస్తాం,
పొలం కాగితాలు వెనక్కిస్తాం.
ఇక్కడ ఎంత కట్టినా
మర్నాటికి అసలు అసలులాగే ఉంటుంది.

పాలకొల్లు కాలవగట్టు మీద
నా అడుగులకి కుక్కలు కూడా మొరగడం మానేశాయి.
అవతల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు
రాత్రంతా నీళ్ళు చిలుకుతుంటాయి,
ఆగితే తెల్లారేసరికి సరుకంతా పైకి తేలుతుందని.
నా సంగతీ అంతే అనుకున్నాను.
ఒక్క పూట ఆగితే చాలు,
అందరూ చూస్తుండగా
నేనూ తేలిపోతానని.

మెచ్చుకున్నారు అందరూ. అదీ చిక్కు.
"ఏం పట్టుదలండీ బాబూ మీది!" అంది
పోస్టాఫీసు మంగతాయారు.
జ్వరంలో పరిగెత్తి దాన్ని క్రమశిక్షణ అన్నాను.
తుపాను రోజు, గట్టు జారుతుంటే,
వంటింట్లో పొయ్యికీ బీరువాకీ మధ్య
నాలుగు వేల అడుగులు.
పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.
మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి
ఏమీ అనకుండా గుడ్డ తెచ్చి తుడిచాడు.
ఆ తుడవడాన్ని కూడా
నా పేరునే ఖర్చు రాశాను.

నెలనెలా రావలసింది ఐదు నెలలుగా రాలేదు.
ఎవరికీ చెప్పలేదు.

ఎడమ ముంగాలి ఎముకలో చీలిక,
"వెంట్రుకంత" అన్నాడు భీమవరం డాక్టరు
ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని.
ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదట.
నేనడిగిన మొదటి మాట:
"మరి చేతులతో ఏం చెయ్యొచ్చండీ?"
ఆయన రాస్తున్న కలం ఆగింది.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
ఆటోలో కట్టుకాలు చాపుకుని లాకుల దాకా వెళ్ళాను,
పరిగెత్తని గట్టు ఎలా ఉంటుందో చూద్దామని.
నీళ్ళడుగున ఇన్నాళ్ళూ ఇవా ఉన్నవి!
సైకిలు చక్రం, ఒంటి చెప్పు,
వినాయకుడి తొండంలో ఒక ముక్క,
నెర్రెలిచ్చిన బురద మీద
తీరిగ్గా నడుస్తున్న కొంగ.

లస్కరు నూకరాజు తలుపులకి గ్రీజు రాస్తున్నాడు.
"నీళ్ళే లేవుగా బాబాయ్, నీకు పనేంటి?"
"ఆయ్, ఇప్పుడే కదండీ పని.
పారతన్నప్పుడు తలుపెక్కడ కారతందో
ఎవడికి తెలుస్తదండీ?"
అనేసి బీడీ వెతుక్కున్నాడు.
అతనికది మాట కూడా కాదు.

రాసుకుందామని ఇంటికొచ్చి నోటుపుస్తకం తీస్తే
తేదీలు, అడుగులు, పూతరేకులు.
చివరి పేజీలో, ఎర్రసిరాతో,
"కూర్చున్న రోజులు: పంతొమ్మిది."
గుమాస్తా సెలవు పెట్టలేదు.
మొదటిసారి వాడి దస్తూరి పట్టి చూశాను.
గుండ్రటి అక్షరాలు, కింద గీత,
ఎనిమిదో తరగతిలో నావి,
"బొద్దుగా ఉన్నోళ్ళు వెనక వరస" అన్న డ్రిల్లు మాస్టారికి
కాలు నొప్పని అబద్ధపు సెలవు చీటీ రాసినప్పటివి.
వాణ్ణి తిట్టబోయి ఊరుకున్నాను.
పదమూడేళ్ళ పిల్ల అది.

జూన్‌లో నీళ్ళు వదులుతారట,
నా కట్టు విప్పేదీ ఆ వారమే.
ఏం చేస్తానో తెలీదు.

ఈ పొద్దున కూడా నాలుగూ పదికే మెలకువ.
పడుకునే ఫ్యాను చుట్లు లెక్కపెట్టాను.
మూడొందల ఎంతో దగ్గర
పాలవాడి బెల్లుకి లెక్క తప్పింది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టబోయి
ఆగాను.
ఎంతసేపో చెప్పలేను.